ఎర్రని వేడి నేర్పిన బలం

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో పాత కత్తులు చూసేవారి కళ్లు ముందు పిడి మీదికీ, దాని నగిషీ మీదికీ పోతాయి. అసలు పనితనం కంటికి ఆనని చోట ఉంది. ఉక్కంటే సన్నని స్ఫటిక రేణువుల కూర్పు. లోహం వంగుతున్నప్పుడు దాని లోపలి లోపాలు జారుకుంటూ పోతాయి. ప్రతి రేణువు అంచూ వాటికి అడ్డుగోడే. 1950ల తొలినాళ్లలో హాల్, పెచ్ అనే శాస్త్రవేత్తలు దీనికి లెక్క కట్టారు. రేణువు సైజు నాలుగో వంతుకు తగ్గితే, అంచుల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది. ఆ సైజును తేల్చే వాటిలో సమ్మెట వేసే వేడి ఒకటి. అందుకే ఉక్కులో ఏం కలిపామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేడిలో సమ్మెట వేశామన్నదీ అంతే ముఖ్యమని నా వాదన.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. అలాంటి ఉక్కు 1200 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. మెత్తని ఇనుమును తెల్లగా కాల్చి కొట్టడానికి అలవాటుపడ్డ ఐరోపా కమ్మరుల చేతిలో అది చిట్లిపోయింది. దాన్ని ఎర్రని వేడిలోనే, ఓపిగ్గా, మళ్లీ మళ్లీ కొలిమిలో పెడుతూ సాగగొట్టాలి. 1970ల్లో స్టాన్‌ఫోర్డ్‌లో షెర్బీ, వాడ్స్‌వర్త్ అనే పరిశోధకులు ఇలాంటి ఉక్కునే 727 డిగ్రీల లోపు వేడిలో రోలింగ్ చేసి చూశారు. ఆ వేడిలో దెబ్బ పడితే రేణువు సాగి, లోపల అడ్డుగీతలు పుట్టి, ముక్కలవుతుంది. ఇనుము, కార్బన్ కలిసి ఏర్పడే గట్టి కార్బైడ్ కూడా విరిగి, సన్నని గుండ్లుగా మారి, మేకుల్లా రేణువుల అంచులను పట్టి ఉంచుతుంది. అవి మళ్లీ కలిసి పెరగలేవు. అలా రేణువులు ఒక మైక్రాన్ దాకా సన్నబడ్డాయి.

పాత కమ్మరులూ అంత సన్నదనం సాధించారా? లేదు, వారి కత్తుల్లో కార్బైడ్ ముతకగానే ఉంటుంది. కత్తి అలుగు మీద కనిపించే నీటిచారల అందం దానివల్లే. వారు పట్టుకున్నది వేడి హద్దును. తక్కువ వేడిలో కొట్టాలంటే యంత్రాలకు బలం ఎక్కువ కావాలి కదా అంటే, నిజమే, ఖర్చు పెరుగుతుంది. కానీ ఖరీదైన మిశ్రధాతువులు తగ్గుతాయి; రేణువులు సన్నబడితే బలంతోపాటు పెళుసుగా విరగకుండా తట్టుకునే గుణమూ పెరుగుతుంది. వేరే దారుల్లో బలం పెంచితే ఈ రెండూ కలిసిరావడం అరుదు. నిప్పుల్లో తిరిగే టర్బైన్ బ్లేడ్ల సంగతి వేరు, అక్కడ సన్నని రేణువులే బలహీనత.

2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లలో పాత కొలిముల ఆనవాళ్లను సర్వే చేశారు. ఆ మూస పెంకులు, చిట్టెపు కుప్పలు ఈ విద్యకు మిగిలిన దస్తావేజులు. రోడ్డు పనులకూ, పొలాల చదునుకూ వాటిని తవ్వి పోయకుండా ఊరివాళ్లూ పురావస్తు శాఖా కాపాడాలి.