నెట్‌వర్కు కార్డునకు దుబాసీ

పాఠశాలలలో మూలపడియున్న పాత కంప్యూటర్లను తిరిగి వాడుకలోనికి తెచ్చునపుడు ఒక చిక్కు తరచుగా ఎదురగును. హార్డ్ డిస్కును తుడిచి విండోస్‌ను మరల ఎక్కింతురు. తెర వెలుగును, కీబోర్డు పనిచేయును; ఇంటర్నెట్టు మాత్రము రాదు. నెట్‌వర్కు కార్డు చెడినదని తలచి క్రొత్తది కొనుటకు, లేదా కంప్యూటరునే పారవేయుటకు పలువురు సిద్ధపడుదురు. కాని చాల సందర్భములలో కార్డు నిక్షేపముగనే యుండును. దానితో మాట్లాడగల దుబాసీ లేకపోవుటయే లోపము. ఆ దుబాసీ పేరు డ్రైవరు.

దుబాసీ చేయు పని

నెట్‌వర్కు కార్డు కంప్యూటరులోని సమాచారమును విద్యుత్ సంకేతములుగ మార్చి తీగపై పంపును. తీగపై వచ్చిన సంకేతములను సమాచారముగ మార్చి లోనికిచ్చును. ఈథర్నెట్టులో ఈ సమాచారము సామాన్యముగ 1500 బైట్లకు మించని పొట్లములుగ ప్రయాణము చేయును. పొట్లమును పంపవలెనన్న కార్డులోని రిజిస్టర్లు అను చిన్న గదులలో తగిన అంకెలు వ్రాయవలెను. ఏ గదిలో ఏ అంకె వ్రాయవలెనో ఒక్కొక్క చిప్పునకు ఒక్కొక్క తీరు. ఆపరేటింగ్ సిస్టము “ఈ పొట్లమును పంపుము” అని మాత్రమే కోరును. ఆ కోరికను చిప్పునకు తెలిసిన అంకెలలోనికి మార్చు చిన్న ప్రోగ్రామే డ్రైవరు.

విండోస్ వెలువడునప్పుడే అనేక డ్రైవర్లు దానితో వచ్చును. కాని 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి ప్రతిలో, ఆ తరువాత పుట్టిన చిప్పులకు డ్రైవర్లు ఎట్లుండును? వానిని ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొనవలెను. ఇంటర్నెట్టు రావలెనన్న డ్రైవరు కావలెను. పిచ్చి కుదిరినగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయినగాని పిచ్చి కుదరదన్న సామెత ఇచ్చట చక్కగ అమరును. ఈ ముడి విప్పుటకు మొదట తెలియవలసినది చిప్పు పేరు.

కార్డు చెప్పు పేరు

1992లో వెలువడిన పిసిఐ ప్రమాణము ప్రకారము, ప్రతి కార్డు తన గుర్తింపు సంఖ్యలను ఒక నియత స్థానమున ఉంచుకొనవలెను. వానిని చదువుటకు డ్రైవరు అక్కరలేదు. కావుననే దుబాసీ లేనపుడు కూడ కార్డు తన పేరును చెప్పగలదు.

ఆ సంఖ్యలు రెండు: తయారీదారు సంఖ్య, పరికరపు సంఖ్య. ఒక్కొక్కటి 16 బిట్లు. అనగా 65,536 విధములకు వీలున్నది. వీనిని షోడశాంశ పద్ధతిలో నాలుగు స్థానములతో వ్రాయుదురు. ఈ పద్ధతిలో 10 నుండి 15 వరకు గల విలువలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను అక్షరములు గుర్తులు. రియల్‌టెక్ సంస్థ సంఖ్య 10ఇసి. దీని విలువ 4096 + 0 + (14 × 16) + 12 = 4332. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. ఆ సంస్థ 1978లో వెలువరించిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు కూడ అదియే. 10ఇసి, 8139 అను జంట కనిపించినచో అది పాత కంప్యూటర్లలో విరివిగ వాడబడిన రియల్‌టెక్ 8139 చిప్పు.

ఎక్కించు విధము

డివైస్ మేనేజరును తెరచినచో డ్రైవరు లేని పరికరము ప్రక్కన పసుపుపచ్చని గుర్తు కనిపించును. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అను పుటలో హార్డ్‌వేర్ ఐడీస్ అనుదానిని ఎన్నుకొనవలెను. ‘వెన్’ అను అక్షరముల తరువాత తయారీదారు సంఖ్య, ‘డెవ్’ అను అక్షరముల తరువాత పరికరపు సంఖ్య ఉండును. వానిని కాగితముపై వ్రాసికొని, ఇంటర్నెట్టు గల వేరొక కంప్యూటరులో ఆ జంటకు తగిన డ్రైవరును వెదకవలెను. విండోస్ ఏ తరమునకు చెందినదో, 32 బిట్లదో 64 బిట్లదో ముందే చూచుకొనవలెను. 32 బిట్లదాని డ్రైవరు 64 బిట్లదానికి పనికిరాదు.

దించుకొన్న ఫైలు జిప్ రూపమున నున్నచో విప్పి, పెన్‌డ్రైవుతో పాత కంప్యూటరులోనికి చేర్చవలెను. పిమ్మట డివైస్ మేనేజరులో అప్‌డేట్ డ్రైవర్ అను ఆజ్ఞనిచ్చి ఆ ఫోల్డరును చూపవలెను. అందులోని ఐఎన్ఎఫ్ ఫైలు ఒక జాబితా వంటిది. కార్డు చెప్పిన సంఖ్యలు ఆ జాబితాలో నున్నచో విండోస్ డ్రైవరును స్వీకరించును.

పసుపు గుర్తు పోయినను ఇంటర్నెట్టు రానిచో ఐపి అడ్రసును చూడవలెను. అది 169.254తో మొదలైనచో కంప్యూటరు తనకు తానే అడ్రసు పెట్టుకొన్నదన్నమాట. అప్పుడు లోపమును తీగలోనో, రౌటరులోనో వెదకుట మేలు.

జాగ్రత్తలు

డ్రైవరు ఆపరేటింగ్ సిస్టము గర్భములో, సర్వాధికారములతో పనిచేయును. ఊరు పేరు లేని చోటునుండి తెచ్చిన డ్రైవరును ఎక్కించుట అపరిచితునికి ఇంటి తాళములిచ్చుట వంటిది. కంప్యూటరును గాని, చిప్పును గాని తయారుచేసిన సంస్థ నుండియే తెచ్చుకొనవలెను.

మరియొక సంగతి గమనింపవలెను. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసినది. వానిని ఇంటర్నెట్టునకు కలుపుట క్షేమము కాదు. అట్టి కంప్యూటర్లకు తేలికపాటి లైనక్స్ మేలు. తీగతో పనిచేయు కార్డులలో చాలవాటి డ్రైవర్లు దాని కెర్నెలుతోనే వచ్చును. పెన్‌డ్రైవు నుండి లైనక్స్‌ను నడిపి చూచినచో, హార్డ్ డిస్కును ముట్టకుండనే కార్డు మంచిదో కాదో తెలియును. క్రొత్త కార్డు కొనుటకు ముందు చేయదగిన పరీక్ష ఇది.