చేతికి చెక్క, బరువుకు ఉక్కు

చెక్కతో సైకిలు చేశారన్న వార్త అప్పుడప్పుడూ ఏదో ఒక పత్రికలో కనిపిస్తూనే ఉంటుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో పంజాబ్‌లోని జిరాక్‌పూర్ వడ్రంగి ఒకరు చేసిన చెక్క సైకిలు అలాగే పేరు తెచ్చుకుంది. ఇలాంటివి చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ చెక్కకూ సైకిలుకూ కుదిరే పొత్తు అక్కడ లేదని నా వాదన. సైకిలు మొత్తాన్నీ చెక్కతో చేయడం పనివాడి నేర్పుకు పరీక్ష, అంతవరకే. నలభై యాభై ఏళ్ళనాటి ఇనుప సైకిలును బాగుచేసి, చేయి ఆనే చోటా కాలు ఆనే చోటా మంచి చెక్క భాగాలు అమర్చుకుంటే అది రోజూ తొక్కడానికి పనికొస్తుంది. ఈ పనికి కావలసిన నేర్పు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోనే ఉంది. దుత్తలూరు వాళ్ళయితే పక్కనున్న ఉదయగిరికి వెళ్తే చాలు.

సైకిలు పుట్టిందే చెక్కతో. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రాయిస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. దాని ఒళ్ళూ చక్రాలూ చెక్కవే. 1860లలో పారిస్‌లో పెడళ్ళు వచ్చాక కూడా చక్రాలు చెక్కవే, చుట్టూ ఇనుప పట్టా. దాన్ని ఎక్కినవాళ్ళ ఎముకలు కదిలిపోయేవి. 1885లో స్టార్లీ రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి సైకిలుకు ఈనాటి రూపం తెచ్చాయి, ఒళ్ళు ఉక్కు గొట్టాలకు మారింది. రిమ్ము మాత్రం అంత తొందరగా మారలేదు. 1890లలో అమెరికాలో చెక్క రిమ్ములు మామూలు సంగతి. పందేల సైకిళ్ళలో అవి ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం నిలిచాయి, ఇటలీలో పలచని చెక్క పట్టీలు అతికించి చేసేవాళ్ళు ఆ తర్వాత కూడా మిగిలారు. ఇక పిడుల సంగతి చూస్తే, తొలి సైకిళ్ళకు చెక్కవీ, బెండువీ, కొమ్ముతో చేసినవీ ఉండేవి. అంటే చెక్క అన్నిచోట్లా ఒకే కారణంతో తప్పుకోలేదు. సైకిలు ఒంట్లోంచి అది పోయింది ఉక్కు గొట్టం తక్కువ బరువుతో ఎక్కువ బలం ఇస్తుంది గనక. పిడిలోంచి పోవడానికి కారణం వేరు. అచ్చులో పోసిన రబ్బరూ ప్లాస్టిక్కూ చవక. మొదటిది న్యాయమైన ఓటమి, దాన్ని తిరగదోడనక్కర్లేదు. రెండోదాన్ని మాత్రం ఎవరికి వారు ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చు.

మన ఊళ్ళలో పాత సైకిలంటే ఇంగ్లీషు నమూనా నల్ల సైకిలే. ర్యాలీ, హెర్క్యులస్, బీఎస్ఏ పేర్లతో మొదట ఓడలో వచ్చింది, తర్వాత ఇక్కడే తయారైంది. మద్రాసు అంబత్తూరు టీఐ సైకిల్స్ 1949లో పుట్టింది, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో. అసన్సోల్‌లో సేన్-ర్యాలీ ఉండేది. ఆ రోజుల్లో అల్లుడికి పెట్టే సైకిలు, గడియారం, రేడియోల్లో మొదటిది ఇదే. అప్పట్లో ఏటా పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవలసిన ఆస్తి కూడా. పేర్లు ఎన్ని ఉన్నా కొలతలు దాదాపు ఒకటే: 28 అంగుళాల చక్రాలు, ముందు 32 పుల్లలు, వెనక 40, కడ్డీ బ్రేకులు, పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, ఆగిపోయింది. అయినా ఆ నమూనా ఆగలేదు, ఇతర కంపెనీలు చేస్తూనే ఉన్నాయి. దీనివల్ల పాత సైకిలు బాగుచేసుకునేవాడికి పెద్ద మేలు జరిగింది. బాల్సు, కప్పులు, కోనులు, చెయిన్లు, పుల్లలు ఇప్పటికీ చిన్న పట్టణాల సైకిలు షాపుల్లో దొరుకుతాయి. ఇనుముకు కరువు లేదు. దొరకనిది చేతికి హాయిగా ఉండే పిడి, కాలికి నిలిచే పెడలు దిమ్మె. మార్కెట్లో ఉన్న మెత్తటి ప్లాస్టిక్ పిడి నాలుగు వేసవులు ఎండలో నిలబడితే జిగురు తేలుతుంది, లేదా గట్టిపడి చిట్లిపోతుంది. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం మెల్లగా బయటికి వచ్చేయడమే అందుకు కారణం. మెట్టలో ఎండ సంగతి చెప్పేదేముంది.

చెక్క దగ్గరికి వెళ్ళేముందు ఇనుము పని తేల్చుకోవాలి. చాలామంది ముందు రంగు డబ్బా కొంటారు. అది తప్పు. ముందు ఫోర్కు మెడ దగ్గరా, ఫ్రేము కీళ్ళ దగ్గరా పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. ఇరుసుల్లో పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, అరిగిన బాల్సు మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి. కాటర్ పిన్ను సుత్తితో బాదితే వంగుతుంది, ముందురోజే నూనె వేసి నానబెట్టాలి. పాత రంగు, దానిమీది బంగారు గీతలు, కంపెనీ ముద్ర కొంచెమైనా మిగిలి ఉంటే గీకేయకుండా తుడిచి ఉంచుకోవడమే మేలు. కొత్త రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఆ గీతలు మళ్ళీ రావు.

ఇప్పుడు చెక్క ఎక్కడ పెట్టాలన్నది. విరిగితే మనిషి కిందపడే చోట చెక్క వద్దు. హ్యాండిల్ కడ్డీ, ఫోర్కు, సీటు కింది కాడ ఉక్కువే ఉండాలి. రిమ్ము కూడా వద్దు. చెక్క రిమ్ము నడిచే వస్తువేనని చరిత్ర చెబుతోంది గానీ మన కడ్డీ బ్రేకుల దిమ్మెలు రిమ్ము లోపలి అంచును కింది నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. రోజూ ఆ రాపిడికి, వానలో బురద ఇసుకకు చెక్క తట్టుకోదు. విరిగినా మనిషికి ప్రమాదం లేని చోట్లు చాలానే మిగిలాయి: పిడులు, పెడళ్ళ దిమ్మెలు, క్యారియర్ మీది పలకలు, బార్ మీద పిల్లల సీటు పీట, బెల్లు మీట. హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్ల లావు, పిడికి ఆ కొలతకే రంధ్రం వేయాలి. చెక్క నారపోగు పిడి పొడవునా సాగాలి, అడ్డంగా వస్తే మొదటి దెబ్బకే విరుగుతుంది. పెడలు దిమ్మెకు పైన అడ్డంగా గాట్లు పెట్టాలి, లేకపోతే తడి చెప్పు జారుతుంది.

ఈ కొలతలన్నీ కాగితం మీద తేలిక. చేసి చూపించడానికి చేయి తిరిగినవాడు కావాలి, ఉదయగిరి ప్రస్తావన అందుకే. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గంపల్లి కొండల్లో దొరికే నర్ది, దేవదారి, బిక్కి, కలివి, పాలబరిక వంటి కర్రలతో అక్కడివాళ్ళు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఈ దేవదారి హిమాలయాల మహావృక్షం కాదు, ఎండు కొండల్లో పెరిగే చిన్న చెట్టు. బిక్కి జాతి కర్ర నునుపు, బిగువు ఎక్కువ, దువ్వెనలకు వాడతారు. వీటిలో ఏదీ దూలానికి పనికొచ్చే కలప కాదు. లావు తక్కువ, గట్టిదనం ఎక్కువ. పిడికి కావలసింది ఇదే. చెంచా కాడ చేసేవాడికి అరచేతిలో ఏ వంపు నొప్పి పుట్టిస్తుందో, చెక్క ఏ వాలులో చీలుతుందో, ఆకురాయి ఎంతవరకు పట్టాలో తెలిసి ఉంటుంది. తలుపులూ మంచాలూ చేసే వడ్రంగి పనికి ఇది వేరే లెక్క. అటు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు ఎక్కించే పనివాళ్ళున్నారు. ఆ ఊరి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. గుండ్రటి పిడి వాళ్ళకు క్షణాల్లో పని. కానీ అంకుడు మెత్తన, బొమ్మకు తగినది. రోజూ చెమట పట్టే చేతికి ఉదయగిరి కర్రే నిలుస్తుందని నా అంచనా.

మొదటి అభ్యంతరం చెక్క స్వభావం మీదే వస్తుంది: ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, పగులుతుంది అని. నిజమే. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి నారపోగు పొడవునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం జాతిని బట్టి నూటికి ఐదు నుంచి పది పాళ్ళ దాకా తగ్గుతుంది. ఎండిన కర్ర కూడా గాలిలో తేమను బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. దీనికి విరుగుడు కాలం చూసుకుని చేయడమే. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో బిగుతుగా తొలిచి ఎక్కించిన పిడి మే నెలలో కుంచించుకుంటుంది. లోపలి ఉక్కు గొట్టం కుంచించుకోదు గనక చెక్క చీలక తప్పదు. బాగా ఆరిన కర్రతో ఎండాకాలంలో చేసినది వానల్లో ఉబ్బి కాస్త వదులవుతుంది, అంతే. వదులైనదాన్ని బిగించుకోవచ్చు, చీలినదాన్ని ఏం చేస్తాం? పైన అవిసె నూనె నాలుగైదు పూతలు పట్టించాలి. కొబ్బరినూనె, వేరుసెనగ నూనె ఆరవు, జిడ్డు దుమ్ము పట్టి కంపు కొడతాయి. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో వేయాలి.

రెండో అభ్యంతరం పాత వస్తువుల ప్రేమికులది. కంపెనీ ఇచ్చినట్టే ఉంచితేనే పాతదానికి విలువ, చెక్క తగిలిస్తే పాడుచేసినట్టే అంటారు. మ్యూజియంలో పెట్టే ముక్క అయితే నేనూ ఆ పక్షమే. 1930ల ర్యాలీ తన అసలు పిడులతో దొరికితే దాని జోలికి పోవద్దు. కానీ మన పల్లెల సైకిలు ఎప్పుడు కంపెనీ ఇచ్చినట్టు ఉంది? పాల క్యాన్లకు కొక్కేలు, గడ్డిమోపుకు వెనక అదనపు కడ్డీ, బిడ్డ కూర్చోవడానికి బార్ మీద పీట, ఇవన్నీ మొదటి ఏడాదే ఎక్కేవి. అవసరానికి తగ్గట్టు మార్చుకోవడమే దాని చరిత్ర. అందుకని ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: ఫ్రేముకు కొత్త రంధ్రం వేయకూడదు, ఏ చెక్క భాగమైనా పానా పట్టుకుంటే ఊడి రావాలి, తీసిన పాత ముక్కను సంచిలో దాచాలి. రేపు ఎవరికైనా పాత రూపమే కావాలంటే అరపూటలో వెనక్కి పోవచ్చు.

అడవి గురించి అడిగేవాళ్ళకు ఇంకా గట్టి జవాబు ఇవ్వాలి. కొండల మీది చిన్న చెట్లు ఇప్పటికే పలచబడుతున్నాయి, సరదా కోసం ఇంకా నరకాలా అన్నది న్యాయమైన ప్రశ్న. జత పిడులకు పట్టేది జానెడు కర్ర, నాలుగైదు చెంచాల పాటిది. అయినా అడవి కర్ర పట్టుబట్టనక్కర్లేదు. పాత ఇంటి టేకు ద్వారబంధం, చింత చేవ, తుమ్మ చేవ ఏదైనా సరే. ఎర్రచందనం మాత్రం ముట్టుకోవద్దు. వెలిగొండల్లో కనిపిస్తుంది, రంగు మనసు లాగుతుంది, కానీ అనుమతి లేకుండా ముక్క దగ్గరున్నా కేసే. జత పిడుల కోసం జైలుకు పోయినవాణ్ణి చూసి నవ్వేవాళ్ళు తప్ప జాలిపడేవాళ్ళుండరు.

దీనివల్ల ఉదయగిరి పనివాళ్ళకు ఏమంత బతుకు వస్తుందని ఆఖరి సందేహం. పెద్దగా రాదు. సైకిలు తొక్కేవాళ్ళే తగ్గారు, అందులో పాతవాటిని బాగుచేసుకునేవాళ్ళు ఇంకా తక్కువ. అయితే చెంచాకు స్టీలుతోనూ ప్లాస్టిక్‌తోనూ ధరలో పోటీ ఉంది. కొలత ఇచ్చి చేయించుకునే పిడికి ఆ పోటీ లేదు, కొనేవాడు పనికి ధర కడతాడు. అది చెంచాల పనికి పక్కబలం కాగలదు, దాని స్థానంలోకి రాలేదు. ఈ వస్తువు అక్కడ ఇప్పటికే తయారై అంగట్లో ఉంటుందనుకుని పోకండి. మీరు అడిగితేనే మొదలవుతుంది.

మీ ఇంట్లో పశువుల కొట్టంలోనో మిద్దె మీదో అలాంటి సైకిలు ఉంటే, పాత ఇనుప సామాను బండికి తూకానికి వేసేముందు ఒకసారి ఫ్రేము తుడిచి పగుళ్ళు చూడండి. ఫ్రేము గట్టిదైతే మిగతాదంతా మరమ్మతుకు లొంగేదే. హ్యాండిల్ లావు, మీ పిడికిలి వెడల్పు, పెడలు పొడవు కాగితం మీద రాసుకుని, వానలు పట్టకముందే ఉదయగిరి వెళ్ళి చేయించుకోండి.