జెనీవా: లోకము మాటలాడుకొను ఊరు

రాయపురము పిల్లలకు పలు భాషలు వినుట క్రొత్త కాదు. దక్షిణ భారతమున మొదటి ప్రయాణికుల రైలు 1856వ సంవత్సరమున ఇచ్చటి స్టేషను నుండియే బయలుదేరినది. రైలును, ప్రక్కనున్న రేవును ఆశ్రయించి పలు ప్రాంతములవారు ఇచ్చట కాపురముండిరి. ఇంట తెలుగు, వీథిలో తమిళము, కచేరీలో ఇంగ్లీషు మనకు నిత్యానుభవము. ఇట్టి పేటలో పెరుగువారు తెలిసికొనదగిన పరదేశ నగర మొకటి కలదు. అదియే జెనీవా.

జెనీవా స్విట్జర్లండు దేశపు నైరుతి కొనను, లెమాన్ సరస్సు తీరమున నున్నది. ఆ సరస్సు వైశాల్యము సుమారు 580 చదరపు కిలోమీటర్లు. రోన్ నది తూర్పున సరస్సులో ప్రవేశించి, జెనీవా యొద్ద వెలువడి ఫ్రాన్సునకు పోవును. నగర జనసంఖ్య రెండు లక్షలకు కొంచెము మించును. మన చెన్నపట్టణముతో పోల్చిన నది చిన్న ఊరే. అయినను పెద్ద రాజ్యముల ప్రతినిధు లచ్చటికే పోయి సంప్రదింపులు జరుపుదురు. ఏల?

మొదటి కారణము తటస్థత. యుద్ధములలో ఏ పక్షమును చేరకుండుట స్విట్జర్లండు నియమము. ఐరోపా రాజ్యములు 1815లో దానిని అంగీకరించినవి. తగవు పడినవా రిరువురును అనుమానము లేక కూర్చుండుటకు ఎవరి పక్షమునకును చెందని అరుగు కావలెను గదా! రెండవ కారణము ఆ ఊరివారి పూనిక. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో గాయపడినవారి దురవస్థను చూచి, జెనీవా పౌరుడగు హెన్రీ డ్యునాంట్ కలత చెందెను. ఆయన మఱి నలుగురితో కలిసి 1863లో స్థాపించిన సంఘమే రెడ్ క్రాస్ అయినది. గాయపడిన సైనికుల రక్షణకై మొదటి జెనీవా ఒడంబడిక 1864లో కుదిరినది. 1872లో అమెరికా, బ్రిటనుల నడుమ అలబామా యను ఓడను గూర్చిన తగవును ఆ నగరముననే మధ్యవర్తులు తీర్చిరి. బ్రిటను కోటి యేబదియైదు లక్షల డాలర్ల పరిహారము చెల్లించినది. తుపాకి ప్రేల్చకయే తగవు తీరునని లోకము చూచినది.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము, 1920లో, నానాజాతి సమితి తన ప్రధాన స్థానమును జెనీవాలో నేర్పరచుకొనెను. అది రెండవ యుద్ధము నాపలేక పోయి 1946లో రద్దయినది. అయినను దాని భవనము వృథా కాలేదు. నేడది ఐక్యరాజ్య సమితి కార్యస్థానము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ కూడ ఆ నగరముననే కలవు. పలు దేశములు అచ్చట శాశ్వత ప్రతినిధి వర్గముల నుంచినవి. సమితి మహాసభలలో ఒకరు మాటలాడుచుండగనే ద్విభాషులు ఆ మాటను అరబ్బీ, చీనా, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, స్పానిషు భాషలలోనికి మార్చుచుందురు.

రాజ్యాధిపతుల మాట మాత్రమే అచ్చట చెల్లునని తలపరాదు. మనకు సమీపమున నున్న పెరంబూరు మిల్లు పనివారికై 1918లో మద్రాసు లేబరు యూనియను వెలసినది. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడి, 1920లో జెనీవా చేరినది. దాని మహాసభకు ప్రతి దేశమును ప్రభుత్వము పక్షమున ఇద్దరిని, యజమానుల పక్షమున ఒకరిని, పనివారి పక్షమున ఒకరిని పంపును. 1927లో భారత కార్మికుల ప్రతినిధిగా పోయినవారు శ్రీ వి. వి. గిరి. వారు బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించిరి. నేడా ఊరు ఒడిశాలో నున్నది. మనవలెనే అచ్చటి తెలుగువారును అల్పసంఖ్యాకులే. 1969లో ఆయన రాష్ట్రపతి యయ్యెను.

అల్పసంఖ్యాకుల భాషయు అచ్చట విచారణకు వచ్చినది. ఆలండ్ ద్వీపముల ప్రజలు స్వీడిషు భాష పలుకువారు. ఆ ద్వీపములు ఫిన్లాండువా, స్వీడనువా యని తగవు పుట్టెను. 1921లో నానాజాతి సమితి వానిని ఫిన్లాండునకే యిచ్చి, ద్వీపవాసుల భాషకును, బడులకును రక్షణ కల్పింపవలెనని షరతు విధించెను. యుద్ధము రాలేదు. నూరేండ్లు గడచినను నేటికి నా ద్వీపముల బడులలో పిల్లలు స్వీడిషు భాషలోనే చదువుకొనుచున్నారు.

మన రాజ్యాంగమును అట్టి రక్షణ నిచ్చినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించుకొను హక్కు నొసగినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు ప్రభుత్వములు యత్నింపవలెనని చెప్పుచున్నది. కాని తల్లిదండ్రులారా, తెలుగు తరగతి బల్లలు ఖాళీయైనచో వానిని ఏ అధికరణమును నింపజాలదు. ఆలండ్ బడులను నిలిపినది ఒప్పందము మాత్రమే కాదు. అందు పిల్లలను చేర్చిన తల్లిదండ్రులును.

విద్యార్థులారా, ఇరుగుపొరుగు భాషయగు తమిళమును చక్కగా నేర్వుడు. ఇతరుల మాట తెలిసినవానికే సభలో గౌరవము. ఇంటి భాషను విడువకుడు. తన మాట పోగొట్టుకొన్నవాడు ఏ సభకు పోయినను తనవారి పక్షమున చెప్పుటకు ఏమియు మిగులదు. జెనీవా మనకు నేర్పు పాఠ మిదియే.