వార్తల్లో పదం: మెడికల్ టూరిజం

వైద్యం కోసం దేశం దాటి వెళ్లడమే మెడికల్ టూరిజం. మోకీలు, తుంటి మార్పిడికి గల్ఫ్, ఆఫ్రికా దేశాల నుంచి హైదరాబాద్, చెన్నై వస్తుంటారు. భారత్ ఇచ్చే ఈ-మెడికల్ వీసా గడువు 60 రోజులు. వెంట ఇద్దరు సహాయకులు రావచ్చు.

అసలు చిక్కు ఆపరేషన్ తర్వాతే. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చుంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇలాంటి మార్పిడి తర్వాత 3 నెలలపాటు సుదూర విమాన ప్రయాణాలు వద్దంటుంది బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్. వీసా గడువు మాత్రం అంతకంటే ముందే అయిపోతుంది! పొడిగింపు సంగతి వచ్చేముందే ఆలోచించుకోవాలి.

ఇన్‌ఫెక్షన్ మరీ మొండిది. కృత్రిమ కీలు మీద సూక్ష్మక్రిములు జిగురు పొరలా పేరుకుంటే మందులకు లొంగవు. ఒక్కోసారి కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మెను తాత్కాలికంగా అమర్చి, వారాల తర్వాత కొత్తది వేయాలి. సొంతూరి డాక్టరు ఆ పని చేయాలంటే లోపల ఏముందో తెలియాలి కదా. ఇంప్లాంట్ పెట్టెలోని స్టిక్కర్ల మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఆ స్టిక్కర్, ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ చేతికివ్వకుండా ఏ ఆసుపత్రీ రోగిని విమానం ఎక్కించకూడదు.