పెద్దవారిలో సోమరి కన్ను చికిత్స

సోమరి కన్ను అనగా తగిన కళ్ళద్దాలు పెట్టుకున్నప్పటికీ, కంటిలో తగిన లోపమేదీ కనిపించనప్పటికీ, సాధారణంగా ఒక కంటికి చూపు తక్కువగా ఉండే స్థితి. వైద్యశాస్త్రంలో దీనిని ఆంబ్లియోపియా అని, వాడుకలో లేజీ ఐ అని అంటారు. నూటికి సుమారు ఇద్దరు ముగ్గురిలో ఇది ఉంటుందని అంచనా. ఏడెనిమిది సంవత్సరాల వయసు దాటిన తరువాత దీనికి చికిత్స వ్యర్థమని వైద్యులు చాలాకాలం భావించారు. 1990ల నుండి జరిగిన పరిశోధనల వలన ఈ అభిప్రాయం కొంతవరకు మారింది. పెద్దవారిలో కూడా దృష్టి శిక్షణ ద్వారా కొంత మెరుగుదల సాధ్యమే. కాని అది పిల్లలలో వచ్చినంతగా గాని, అందరిలో ఒకే విధంగా గాని రాదు.

కారణాలు

చూడటంలో కంటి పాత్ర సగమే. కంటి నుండి వచ్చే సంకేతాలను బొమ్మగా గ్రహించేది మెదడు. పుట్టిన తరువాత మొదటి కొన్ని సంవత్సరాలలో రెండు కళ్ళ నుండి స్పష్టమైన సంకేతాలు అందితేనే మెదడులోని దృష్టి ప్రాంతం సక్రమంగా ఎదుగుతుంది. ఒక కంటి నుండి మసక బొమ్మ వస్తూ ఉంటే మెదడు క్రమంగా ఆ కంటి సంకేతాలను అణచివేస్తుంది. ఇందుకు ముఖ్య కారణాలు మూడు:

* మెల్లకన్ను: రెండు కళ్ళు ఒకే వస్తువు వైపు తిరగకపోవడం. మెల్లకన్ను, సోమరి కన్ను ఒకటి కావు. మొదటిది రెండవదానికి కారణం కావచ్చు.
* రెండు కళ్ళ పవరులో తేడా: కళ్ళు పైకి మామూలుగానే కనిపిస్తాయి. పిల్లలు మంచి కంటితోనే పనులన్నీ చేసుకుంటారు కనుక ఇది తరచు ఆలస్యంగా బయటపడుతుంది.
* చూపుకు అడ్డంకి: పుట్టుకతో వచ్చిన శుక్లం, వాలిపోయిన కనురెప్ప వంటివి.

వయోపరిమితి అనే భావన

1960లలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనలపై ప్రయోగాలు చేశారు. పుట్టిన తొలి నెలలలో ఒక కంటిని మూసి ఉంచితే, తరువాత తెరిచినా ఆ కంటికి మెదడు కణాలు సరిగా స్పందించలేదు. ఎదిగిన పిల్లులలో ఇటువంటి నష్టం కలగలేదు. ఈ తొలి కాలాన్ని కీలక దశ అంటారు. ఈ పరిశోధనలకు వారికి 1981లో రోజర్ స్పెర్రీతో పాటు నోబెల్ బహుమతి లభించింది.

కీలక దశ ముగిస్తే నష్టాన్ని సరిచేయడం అసాధ్యమని దీనినిబట్టి చాలామంది అనుకున్నారు. కాని నష్టం కలిగే వయసు, బాగుపడే వయసు ఒకటే కానవసరం లేదు. మంచి కన్ను దెబ్బతిన్న పెద్దవారిలో కొందరికి సోమరి కంటి చూపు దానంతటదే కొంత పెరగడం వైద్యులు గమనించారు.

చికిత్సా పద్ధతులు

కళ్ళద్దాలు, పట్టీ: ముందుగా సరైన కళ్ళద్దాలు వాడాలి. తరువాత మంచి కంటికి రోజులో కొన్ని గంటలు పట్టీ వేసి బలహీనమైన కంటితో పని చేయిస్తారు. 7 నుండి 17 సంవత్సరాల వయసు గల 507 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. అక్షరాల పట్టికలో కనీసం రెండు వరుసల మెరుగుదలను ఇందులో ఫలితంగా లెక్కించారు. 7-12 ఏళ్ళవారిలో పట్టీ, అట్రోపిన్ చుక్కలతో చికిత్స పొందినవారిలో 53 శాతం, కళ్ళద్దాలు మాత్రమే వాడినవారిలో 25 శాతం మెరుగుపడ్డారు. 13-17 ఏళ్ళవారిలో మొత్తం మీద పట్టీ వలన తేడా కనిపించలేదు. అయితే అంతకుముందు చికిత్స పొందనివారిలో మాత్రం ఈ సంఖ్యలు 47, 20 శాతంగా ఉన్నాయి.

గ్రహణ శిక్షణ: మసకగా కనిపించే చారల మచ్చలను తెరపై పదేపదే గుర్తింపజేస్తారు. డెన్నిస్ లెవీ, ఊరి పోలాట్ 1996లో పెద్దవారిలో ఇటువంటి సాధన వలన మెరుగుదల వస్తుందని చూపారు. 2011లో లెవీ బృందం ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మంచి కన్ను మూసుకుని వీడియో ఆటలు ఆడిన పెద్దవారికి చూపు మెరుగుపడింది.

రెండు కళ్ళ శిక్షణ: ఇందులో మంచి కంటిని మూయరు. ఆటలోని కొన్ని భాగాలు ఒక కంటికి, మిగిలినవి రెండవ కంటికి కనిపిస్తాయి. మంచి కంటికి చూపే భాగాలను వెలవెలబోయేలా చేస్తారు. అందువలన రెండు కళ్ళు కలిసి పనిచేస్తేనే ఆట సాగుతుంది. కెనడాకు చెందిన రాబర్ట్ హెస్, చైనా శాస్త్రజ్ఞులతో కలిసి 2013లో 18 మంది పెద్దవారిచే టెట్రిస్ ఆట ఆడించారు. ఒంటి కంటితో ఆడినవారికంటే రెండు కళ్ళతో ఆడినవారు ఎక్కువ మెరుగుదల పొందారు.

పరిమితులు

చిన్న అధ్యయనాల ఫలితాలు పెద్ద అధ్యయనాలలో ఎల్లప్పుడూ నిలబడలేదు. 7 సంవత్సరాలు, ఆపై వయసు గల 115 మంది ఆరు వారాలపాటు ఇంటివద్ద ఇటువంటి ఆట ఆడిన అధ్యయనం 2018లో వెలువడింది. అసలు ఆటకు, పోలిక కోసం ఇచ్చిన ఉత్తుత్తి ఆటకు ఫలితంలో తేడా కనిపించలేదు. పైగా మెదడు అణచివేతను సడలిస్తే కొందరికి వస్తువులు రెండుగా కనిపించే ప్రమాదం ఉంది. కనుక శిక్షణను కంటి వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

అమెరికాకు చెందిన నాడీ శాస్త్రజ్ఞురాలు సుసాన్ బ్యారీ సుమారు 48 ఏళ్ళ వయసులో శిక్షణ ద్వారా లోతును గ్రహించే చూపు పొందారు. ఈ ఉదాహరణను తరచు చెబుతుంటారు. అయితే ఆమెకు ఉన్నది మెల్లకన్ను. రెండు కళ్ళలోనూ విడివిడిగా చూపు బాగానే ఉండేది.

ప్రాముఖ్యం

సోమరి కన్ను ఉన్నవారికి మంచి కన్నే ఆధారం. వీరు జీవితకాలంలో మంచి కంటి చూపు కోల్పోయే అవకాశం కనీసం 1.2 శాతమని బ్రిటన్‌లో 2002లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అటువంటి సమయంలో రెండవ కంటికి పట్టికలో ఒకటి రెండు వరుసలు అదనంగా కనిపించినా అది విలువైనదే. అందువలన వీరు పగలని పాలికార్బొనేట్ కళ్ళద్దాలు ధరించడం మంచిది. అన్నిటికంటే మేలైనది, పిల్లలకు బడిలో చేరకముందే ఒక్కొక్క కంటిని విడిగా మూసి చూపు పరీక్ష చేయించడం.