ఏ జట్టులో చేర్పిద్దాం?

ఈమధ్య మా ఏలూరులో ఏ తండ్రిని కదిలించినా రెండే ప్రశ్నలు. పిల్లలకు ఏ కోచింగు మంచిది? ఏ జట్టు మంచిది? మొదటిది పాత ప్రశ్నే. రెండవది కొత్తది. ఆటలాడితే చదువు చెడుతుందని చెవి మెలేసే పెద్దలే, ఇప్పుడు తెలతెలవారుతూండగా పిల్లల్ని స్కూటరుమీద అల్లూరి సీతారామరాజు స్టేడియంలో దింపి వస్తున్నారు. ఆటమీద ప్రేమ కొంత. స్పోర్ట్సు కోటామీద ఆశ మరికొంత.

ఆశపడడం తప్పు కాదు. కాని ఆ కోటా ఏపాటిదో ముందు తెలుసుకోవాలి గదా! మన రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశాలలో ఆటగాళ్ల వాటా నూటికి అర సీటు. అంటే రెండు వందలకు ఒకటి. ఆ ఒక్కదానికోసం అన్ని ఆటలవాళ్లూ వరుసలో నిలబడతారు. తాడేపల్లిగూడెంలో 2015లో వెలసిన నిట్ మన పెరట్లోనే ఉన్నట్టుంటుంది. కాని అక్కడ చూసేది జె.ఇ.ఇ. ర్యాంకును, కబడ్డీ పతకాన్ని కాదు. మద్రాసు ఐ.ఐ.టి. 2024లో కోర్సుకు రెండేసి సీట్లు ఆటగాళ్లకోసం అదనంగా ఏర్పరచింది. అందులో ఒకటి ఆడపిల్లలకే. అయితే దానికీ జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి, పైగా జాతీయ స్థాయి పతకమైనా ఉండాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఊరికే పుట్టలేదు.

కైకలూరు దగ్గర కొల్లేటి పల్లెలో మా బావగారికి చేపల చెరువులున్నాయి. ఆయన కూతురు వాలీబాల్ బాగా ఆడుతుంది. బడిలో డ్రిల్లు మేష్టారి జట్టు ఒకటి. ఊరూరా తిరిగి ఆడే ప్రైవేటు క్లబ్బు మరొకటి. "ఏమోయ్, ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు" అన్నారాయన.

క్లబ్బువారు రంగురంగుల సర్టిఫికెట్లు చూపించారు. ప్రతిదానిమీదా "ఆలిండియా" అన్న మాట పెద్దక్షరాలలో ఉంది. "ఇది ఏ సంఘం ముద్ర, అయ్యా?" అని అడిగాను. ఆయన కాఫీ తెప్పించాడుగాని జవాబు చెప్పలేదు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. సీటు దగ్గర ఆ కాగితాలను రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, అదే శాప్, పరిశీలిస్తుంది. గుర్తింపు ఉన్న సంఘాలు, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నడిపే పోటీలకు ఉన్న విలువ తక్కినవాటికి ఉండదు. సంక్రాంతి పందెంలో గెలిస్తే ఊరంతా భుజాన మోస్తుంది. కౌన్సెలింగులో ఆ కప్పును ఎవరూ అడగరు.

స్కూల్ గేమ్స్‌లో పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిదేళ్ల లోపు అని మూడు తరగతులు. మూడవది ఇంటర్మీడియట్ చదివే వయసు. ఎంపికలనాడు పిల్లను గేటు దాటనివ్వని జూనియర్ కాలేజీలో చేర్పిస్తే అంతవరకూ పడ్డ శ్రమ గంగలో కలిసినట్టే. కనుక జట్టుతోపాటు కాలేజీనీ ఎంచుకోవాలి. జిల్లా సంగతీ ముందే కనుక్కోవాలి. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణాను విడిచి ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఎంపికలు ఏ జిల్లా పేరున జరుగుతాయో అడగకపోతే చివరి నిమిషంలో పరుగులే.

ఇక మిగిలినవి ఇంటి ప్రశ్నలు. పేరున్న జట్టులో బెంచీమీద కూర్చుంటుందా, చిన్న జట్టులో రోజూ ఆడుతుందా? పైఊరు వెళ్లినప్పుడు ఆడపిల్లల వెంట ఉపాధ్యాయురాలు ఉంటుందా? కాలు బెణికితే "ఆడు" అంటారా, "ఆగు" అంటారా?

ఇవన్నీ చెబుతూంటే మా మేనకోడలు మెల్లగా అడిగింది:

"మామయ్యా, సీటు రాకపోతే నా చేత ఆట మానిపిస్తారా?"

నేను మా బావగారి వంక చూశాను. ఆయన చాలాసేపు చెరువుగట్టు కేసి చూస్తూ ఉండిపోయారు. చివరికి, "మానిపించనమ్మా. చదువూ మానిపించను" అన్నారు.

ఆమె మేష్టారి జట్టులోనే చేరింది. ఆ రెండు మాటలు ముందుగా ఇవ్వగలిగిన తండ్రికి, రెండు వందలకు ఒకటైన ఆ సీటు వచ్చినా రాకపోయినా నష్టం లేదు. ఇవ్వలేనివారు ఏ జట్టులో చేర్పించినా పిల్ల ఆడేది వాలీబాల్ కాదు, లాటరీ.