మీకు తెలుసా? పైలట్ కంటికి పెట్టే రంగుల పరీక్ష

అమెరికాలో సొంత అవసరానికి చిన్న విమానం నడిపే ప్రైవేటు పైలట్లు సాధారణంగా మూడో తరగతి వైద్య ధ్రువపత్రం తీసుకుంటారు. అందులో రంగుల పరీక్ష ఒక భాగం. ప్రతి ఛాయనూ విడదీసి చెప్పనక్కర్లేదు. విమానాన్ని క్షేమంగా నడపడానికి అవసరమైన రంగులు తెలిస్తే చాలు.

ఆ అవసరం చిన్నదేమీ కాదు. విమానం ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర పచ్చ దీపం ఉంటాయి. చీకట్లో ఎదుటి విమానం ఎటు వెళ్తోందో తెలిపేవి ఇవే. రేడియో పనిచేయనప్పుడు కంట్రోల్ టవర్ దీపంతో సైగ చేస్తుంది: గాలిలో ఉన్న విమానానికి నిలకడైన ఆకుపచ్చ కనిపిస్తే దిగవచ్చు, ఎరుపైతే ఇతరులకు దారి ఇచ్చి చక్కర్లు కొట్టాలి. రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలుంటాయి. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే విమానం సరైన వాలులో దిగుతున్నట్టు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేసినట్టు.

2002 జులై 26న తెల్లవారకముందే ఫ్లోరిడాలోని తలహాసీలో ఒక సరకు రవాణా బోయింగ్ 727 రన్‌వే చేరకముందే చెట్లను ఢీకొంది. అందులోని ముగ్గురూ బతికారు. దర్యాప్తులో సిబ్బంది అలసటతోపాటు కో-పైలట్ వర్ణదృష్టి లోపం కూడా కారణాల్లో ఒకటిగా తేలింది.

2025 జనవరి నుంచి కొత్తగా దరఖాస్తు చేసేవారికి కంప్యూటర్‌పైనే ఈ పరీక్ష పెడుతున్నారు. తప్పినంత మాత్రాన ఎగరడం పూర్తిగా నిషిద్ధం కాదు, పగటి ప్రయాణాలకే పరిమితం చేయవచ్చు.